బయటి శబ్దాలను రికార్డు చేయడానికి ఏ పరికరం కొనాలి: చెన్నైలో ఉండేవారికి ఒక పోలిక

చుట్టూ వినిపించే శబ్దాలను భద్రపరచుకోవాలన్న కోరిక పుట్టిన ప్రతివారూ మొదట అడిగే ప్రశ్న ఒకటే: "ఏ రికార్డర్ కొనమంటారు?" జవాబు చెప్పేముందు నేను తిరిగి ఒక ప్రశ్న వేస్తాను: మీరు ఏ శబ్దం కోసం వెళ్తున్నారు? తెల్లవారుజామున కాశిమేడు రేవులో జరిగే చేపల వేలం కోసమా, తిరువళ్లిక్కేణిలో పాత ఇంటి వసారాలో కూర్చుని డెబ్బై అయిదేళ్ల మేనత్త పాడే మంగళహారతి కోసమా, తొలి వాన పడిన రాత్రి పళ్లికరణై చిత్తడి అంచున కప్పలు చేసే గోల కోసమా? రేవులో చక్కగా పనిచేసిన పరికరమే మేనత్త పాటను సుయ్‌మనే రొదలో ముంచెయ్యవచ్చు. మేనత్త గొంతులోని సన్నని వణుకును కూడా పట్టిన మైకు సముద్రపు ఒడ్డున గాలికి ఒక్క నిమిషం కూడా నిలవకపోవచ్చు. అందువల్ల ఈ పోలికను కంపెనీల వారీగా కాకుండా, మీరు పట్టదలచిన శబ్దాన్ని బట్టి, మీరు ఉండే ఊరి గాలిని బట్టి రాస్తున్నాను.

రెండు అంకెలు

పరికరంతో వచ్చే వివరాల పట్టికలో పాతిక అంకెలు కనిపిస్తాయి. వాటిలో ముందుగా చూడవలసినవి రెండు. ఒకటి, ఎంత చిన్న శబ్దాన్ని ఆ పరికరం తన సొంత రొదలో కలిసిపోకుండా పట్టగలదు. రెండు, ఎంత పెద్ద శబ్దాన్ని పగలకుండా తట్టుకోగలదు. ప్రతి మైకూ, దాని నుంచి వచ్చే బలహీనమైన విద్యుత్తును పెంచే ప్రీయాంప్ అనే భాగమూ, బయట ఏ అలికిడీ లేకపోయినా తమంతట తాము కొంత రొదను పుట్టిస్తాయి. మైకుకు సంబంధించిన ఆ రొదను సెల్ఫ్ నాయిస్ అంటారు, డీబీఏలలో, అంటే మనిషి చెవి వినే తీరుకు తగ్గట్టు సర్దిన డెసిబెల్స్‌లో, చెబుతారు. ఈ అంకె ఎంత తక్కువగా ఉంటే మైకు అంత నిశ్శబ్దంగా ఉన్నట్టు.

ఇక్కడ చెన్నైవాసులకు డబ్బు మిగిల్చే సంగతి ఒకటి ఉంది. మన దేశంలో 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ మించకూడదు. ఆసుపత్రులు, బడుల చుట్టూ ఉండే నిశ్శబ్ద మండలాలలో కూడా రాత్రి హద్దు 40. మన వీధులు ఈ హద్దును ఎంతవరకు పాటిస్తున్నాయో ఇక్కడ కాపురం ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. హద్దు పాటించిన వీధినే లెక్కలోకి తీసుకున్నా, 14 డీబీఏ సెల్ఫ్ నాయిస్ ఉన్న మైకు రొద ఆ వీధి రాత్రి సద్దు కంటే 30 డెసిబెల్స్ కిందనే ఉండిపోతుంది, చెవికి అసలు అందదు. కాబట్టి నగరంలోనే తిరిగి రికార్డు చేసేవారు 4 డీబీఏ మైకు కోసం అదనంగా ఖర్చు పెట్టినందువల్ల వినేవారికి తేడా తెలియదు. నల్లమలలోనో తలకోన అడవిలోనో గాలి కదలని రాత్రి, దూరాన ఒక గుడ్లగూబ పిలుపు కోసం కూర్చునేవారికి మాత్రం ఆ పది డెసిబెల్స్ తేడాయే సర్వస్వం. అదే తలకోనలో జలపాతం పక్కన నిలబడితే మళ్లీ ఏ మైకైనా ఒకటే, ఎందుకంటే నీటి హోరు అన్ని రొదలనూ కప్పేస్తుంది.

జేబులో ఉన్న ఫోను

ఫోనును తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. పిట్ట కూత విని అది ఏ పిట్టో గుర్తుపట్టడానికి కార్నెల్ ల్యాబ్ వారి మెర్లిన్ యాప్ చాలు. అది ఆ కూతను వేవ్ ఫైలుగానే దాచిపెడుతుంది. ఎవరైనా పెద్దవారు హఠాత్తుగా పాట అందుకున్నప్పుడు సంచిలోని రికార్డర్ కోసం వెతుక్కుంటూ మొదటి చరణం పోగొట్టుకోవడం కంటే ఫోను తీసి నొక్కడమే మంచిది.

అయితే ఫోను మైకు మనిషి మాట కోసం తయారైనది. చాలా ఫోన్లలో రికార్డింగ్ యాప్ మన అనుమతి అడగకుండానే శబ్దం స్థాయిని ఎక్కువ తక్కువలు చేస్తుంది, మాట కానిదాన్నల్లా అక్కరలేని రొదగా లెక్కగట్టి అణచివేస్తుంది. వాన చప్పుడు, కీచురాళ్ల సవ్వడి, తంబూరా శ్రుతి దాని దృష్టిలో తొలగించవలసినవే. పాట మధ్యలో గాయని ఊపిరి తీసుకున్న ప్రతిసారీ తంబూరా పైకి లేచి, ఆమె గొంతు ఎత్తగానే కిందికి కుంగిపోయే రికార్డింగు మీరు వినే ఉంటారు. అది ఈ సర్దుబాటు చేసే పనే. ఫోనుతోనే మొదలుపెట్టదలచినవారు ఈ సర్దుబాట్లను ఆపివేయగలిగే యాప్ వెతుక్కుని, కుదించని వేవ్ ఫైలుగా రికార్డు చేయాలి.

చేతిలో పట్టే రికార్డర్లు

మొదటిసారి కొనేవారిలో ఎక్కువమందికి సరిపోయేది ఈ తరగతే. మైకులు, రికార్డర్ ఒకే పెట్టెలో ఉంటాయి కనుక తీగలు, అడాప్టర్లు అక్కరలేదు. వీటిలో నేను పోల్చి చూడమనేవి రెండు: 2024లో వచ్చిన జూమ్ హెచ్1ఎసెన్షియల్, అంతకుముందు నుంచీ దొరుకుతున్న టాస్కామ్ డీఆర్-05ఎక్స్. పైకి ఒకే రకంగా కనిపించినా వీటి స్వభావాలు వేరు.

జూమ్‌లో రెండు మైకులు ఒకదానికొకటి అడ్డంగా, ఎక్స్-వై అమరికలో ఉంటాయి. ఎదురుగా ఉన్నదాన్ని ఇవి ఎక్కువగా, వెనుక ఉన్నదాన్ని తక్కువగా పడతాయి. టాస్కామ్‌లోని మైకులు అన్ని దిక్కులనూ దాదాపు సమంగా వినే రకం. పాడేవారి ముందు, వీధి భాగవతం ముందు, మాట్లాడే మనిషి ముందు పెట్టడానికి జూమ్ మేలు. వెనుకనున్న ఆటోల హారన్లు కొంతైనా తగ్గుతాయి. చెట్టు కింద పెట్టి మొత్తం తోటను వినాలన్నా, వాన పడుతున్న పెరటిని పట్టాలన్నా టాస్కామ్ మేలు. పైగా అన్ని దిక్కులూ వినే మైకులకు గాలి తాకిడి తక్కువగా తగులుతుంది, చేతి కదలిక వల్ల వచ్చే గరగర కూడా తక్కువ, లోతైన మంద్ర ధ్వనులు మరింత నిండుగా వస్తాయి. గాలి ఎక్కువగా ఉండే మన తీరంలో ఇది చిన్న లాభం కాదు.

మరో తేడా కూడా ఉంది. జూమ్ ఎసెన్షియల్ రికార్డర్లలో మెనూను గొంతుతో చదివి వినిపించే సదుపాయం ఉంది. చూపులేని మిత్రులు ఎవరి సాయమూ లేకుండా వాడుకోగలిగిన రికార్డర్లు ఎంత తక్కువో తెలిసినవారికి ఈ ఒక్క కారణమే చాలు, నేనైతే వారికి మరో ఆలోచన లేకుండా దీన్నే చెబుతాను.

కొంచెం పెద్దవైన హెచ్4ఎసెన్షియల్, హెచ్6ఎసెన్షియల్ రికార్డర్లకు బయటి మైకులు తగిలించుకునే ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు ఉంటాయి, మొదటిదానికి రెండు, రెండోదానికి నాలుగు. ఈ రోజు ఉన్న మైకులతో సరిపెట్టుకుని, ఏడాది తరువాత మంచి మైకులు కొనదలచినవారికి హెచ్4 అనువైన మధ్యేమార్గం. నలుగురు గాయకులను నాలుగు మైకులతో విడివిడిగా పట్టే భజన బృందాల వంటివారికి తప్ప హెచ్6 బరువు మోయవలసిన అవసరం నాకు కనిపించలేదు. సోనీ పీసీఎం-డీ100 గురించి తరచూ అడుగుతుంటారు. దాని మైకులు నిజంగా చక్కనివే, కానీ కంపెనీ దాన్ని తయారు చేయడం మానేసింది. ఇప్పుడు దొరికేవి ఒకరు వాడి అమ్మేవే. మన ఉక్కపోతలో ఏళ్ల తరబడి ఎలా ఉంచారో తెలియని మైకులకు పెద్ద ధర పెట్టమని నేను సలహా ఇవ్వలేను.

32 బిట్ ఫ్లోట్ ఏం చేస్తుంది, ఏం చేయదు

కొత్త రికార్డర్లలో వస్తున్న 32 బిట్ ఫ్లోట్ అనే రికార్డింగు పద్ధతి విలువ నాకు తెలిసివచ్చింది ఒక అక్టోబరు రాత్రి. ఈశాన్య ఋతుపవనాల తొలి వాన వెలిసిన గంటకు పళ్లికరణై వైపు వెళ్లి, అప్పుడు నా దగ్గరున్న పాత 24 బిట్ రికార్డర్‌లో దూరాన కూస్తున్న కప్పలకు తగినట్టు గెయిన్, అంటే మైకు నుంచి వచ్చేదాన్ని రికార్డర్ ఎంత పెంచాలో చెప్పే అమరిక, పెంచి, కట్ట మీద పెట్టి పక్కకు వచ్చాను. ఇంటికి వచ్చి వింటే మొదటి మూడు నిమిషాలు అద్భుతంగా ఉంది. తరువాత ఒక పెద్ద కప్ప మైకుకు జానెడు దూరంలో కూర్చుని బెకబెకలాడడం మొదలుపెట్టింది. అక్కడినుంచి నలభై నిమిషాల పాటు వినిపించింది పగిలిన రేకు మీద రాళ్లు దొర్లినట్టు ఉండే చప్పుడే. శబ్దం పరిమితిని దాటి అలల తలలు తెగిపోయాక దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి అతికించలేదు.

32 బిట్ ఫ్లోట్ రికార్డర్లలో సాధారణంగా ప్రతి చానెల్‌కు, శబ్దపు విద్యుత్తును అంకెలుగా మార్చే కన్వర్టర్లు రెండు ఉంటాయి, ఒకటి చిన్న శబ్దాలకు, ఒకటి పెద్ద శబ్దాలకు. రెండింటినీ కలిపి దాచడం వల్ల గెయిన్ ముందుగా ఊహించి పెట్టవలసిన పని పోతుంది. ఇంటికి వచ్చాక కప్పను తగ్గించుకోవచ్చు, దూరపు గుంపును పెంచుకోవచ్చు. రాత్రంతా రికార్డర్‌ను వదిలి వచ్చేవారికి, గెయిన్ అంటే ఏమిటో నేర్చుకునే ఓపిక లేని కుటుంబ సభ్యుల చేతికి రికార్డర్ ఇచ్చేవారికి ఇది పెద్ద ఊరట.

అయితే ప్రకటనలు చెప్పనిది ఒకటుంది. ఈ పద్ధతి రికార్డర్‌ను మాత్రమే కాపాడుతుంది, మైకును కాపాడదు. హెచ్1ఎసెన్షియల్ మైకులు తట్టుకోగలిగిన గరిష్ఠ శబ్దం 120 డెసిబెల్స్. మన దేశంలో నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటే టపాసులను నిషేధించారు. అంటే చట్టం ఒప్పుకునే టపాసు కూడా దగ్గరగా పేలితే ఆ మైకు హద్దును దాటేసే అవకాశం ఉంది, అప్పుడు 32 బిట్లు ఉన్నా లాభం లేదు. అలాగే మైకు సొంత రొదను కూడా ఇది తగ్గించలేదు. చవక మైకుతో పట్టిన చిన్న శబ్దాన్ని ఫ్లోట్‌లో ఎంత పెంచినా రొద కూడా అంతే పెరుగుతుంది. గెయిన్ పెట్టడంలో చెయ్యి తిరిగినవారు మంచి 24 బిట్ రికార్డర్‌తో పొందే ఫలితానికీ దీనికీ నాణ్యతలో తేడా ఉండదు. తేడా అంతా పొరపాట్లకు ఇచ్చే వెసులుబాటులోనే.

వేరే రికార్డర్, వేరే మైకులు

రెండో మెట్టు ఎక్కదలచినవారికి జూమ్ ఎఫ్3 దాదాపు ఒక ప్రమాణంగా మారింది. 2022లో వచ్చిన ఈ చిన్న పెట్టెకు సొంత మైకులు లేవు, గెయిన్ బటనూ లేదు. రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాలు, 32 బిట్ ఫ్లోట్, మైక్రో ఎస్‌డీ కార్డు, రెండు ఏఏ సెల్లులు, అంతే. కంపెనీ చెప్పే ప్రీయాంప్ రొద -127 డీబీయూ (ఈ అంకె సున్నాకు ఎంత కిందికి వెళితే రొద అంత తక్కువ). చేతిలో పట్టే చవక రికార్డర్లతో పోలిస్తే ఇది స్పష్టంగా నిశ్శబ్దమైనది. ధర హెచ్1ఎసెన్షియల్‌కు సుమారు మూడు రెట్లు ఉంటుంది, ఆ పైన మైకుల ఖర్చు వేరే. సౌండ్ డివైసెస్ కంపెనీ రికార్డర్ మిక్స్‌ప్రీ-3 రెండో తరం ఇంకా గొప్పది. కానీ సినిమా యూనిట్‌కు సౌండ్ చేసి కూలి తీసుకునేవారికి తప్ప, సొంత ఆసక్తి మీద తిరిగేవారికి ఆ ధర సమంజసం కాదని నా అభిప్రాయం.

ఎఫ్3కి ఏ మైకులు? ఇక్కడే డబ్బు ఆలోచించి పెట్టాలి. ప్రీమో ఈఎమ్272 అనే జపాను ఎలెక్ట్రెట్ గుళికతో (మైకులో శబ్దాన్ని పట్టే చిన్న భాగం) చేసిన జత మైకులు గోలీకాయ కంటే చిన్నగా ఉంటాయి, సెల్ఫ్ నాయిస్ 14 డీబీఏ, అన్ని దిక్కులనూ వింటాయి. చెట్టు మానుకు చెరో పక్కన బట్టల క్లిప్పుతో తగిలిస్తే, మానే రెండు చెవుల మధ్య తలలా పనిచేసి, హెడ్‌ఫోన్లలో విన్నప్పుడు అక్కడే కూర్చున్న అనుభూతి వస్తుంది. అడయారులో, 1882 నుంచి దివ్యజ్ఞాన సమాజపు కేంద్రంగా ఉన్న తోట వంటి చోట, అనుమతి తీసుకుని, ఉదయం ఆరింటికి ఇలా పెట్టిన జతతో వచ్చే రికార్డింగులో ఎడమ చెవిలో రామచిలుకల గుంపు దాటిపోవడం, కుడి చెవిలో వడ్రంగి పిట్ట మాను మీద కొట్టడం, వెనకాల ఎక్కడో నది మీద వంతెన రొద వేరువేరుగా వినిపిస్తాయి. చెన్నైలో నన్ను అడిగినవారికి పదిమందిలో తొమ్మిదిమందికి నేను చెప్పే జత ఇదే.

రోడ్ ఎన్‌టీ1 అయిదో తరం మైకు సెల్ఫ్ నాయిస్ 4 డీబీఏ మాత్రమే. ఇంత నిశ్శబ్దమైన మైకు ఈ ధరలో మరొకటి దొరకడం కష్టం. అయితే అది స్టూడియో కోసం చేసిన, అరచేతి నిండా వచ్చే బరువైన మైకు; జత పట్టుకెళ్లాలంటే స్టాండ్లు, పెద్ద గాలి కవచాలు మోయాలి. కారులో అడవి అంచు వరకు వెళ్లి రాత్రంతా ఒకే చోట ఉండేవారికి సరే, లోకల్ ట్రైనులో తాంబరం నుంచి బీచ్ స్టేషన్ వరకు తిరిగేవారికి కాదు. సెన్‌హైజర్ ఎంకేహెచ్ వరుస మైకులకు ఉన్న అసలు గొప్పతనం వేరు, దాన్ని తేమ గురించి చెప్పేటప్పుడు చెబుతాను.

ఒక జాగ్రత్త. చిన్న ఎలెక్ట్రెట్ మైకులు కొన్ని 3.5 మిల్లీమీటర్ల పిన్నుతో, ఆ పిన్ను గుండా రికార్డర్ ఇచ్చే కొద్ది వోల్టుల ప్లగ్-ఇన్ పవర్ మీద పనిచేస్తాయి. ఎఫ్3 వంటివి ఎక్స్‌ఎల్‌ఆర్ తీగ గుండా మైకుకు 24 లేదా 48 వోల్టుల విద్యుత్తు, అంటే ఫాంటమ్ పవర్, ఇస్తాయి. మధ్యలో వోల్టేజిని తగ్గించే అడాప్టర్ ఉండాలి, లేదా మైకును మొదటే ఎక్స్‌ఎల్‌ఆర్ రకంలో కొనాలి. ఫాంటమ్ పవర్ పెట్టగానే సెల్లులు త్వరగా అయిపోతాయి కాబట్టి పవర్ బ్యాంకు తీసుకెళ్లడం మంచిది. అయితే వాడకం తక్కువగా ఉందనుకుని కొన్ని పవర్ బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. కొత్తదాన్ని ఇంట్లో ఒక రాత్రి పరీక్షించకుండా బయటికి తీసుకెళ్లకండి.

గాలి, తేమ, ఉప్పు

మంచి రికార్డర్ కొని గాలి కవచం కొననివారు నాకు తెలిసినవారిలో చాలామందే ఉన్నారు. చెన్నైలో ఇది తలుపు లేని ఇల్లు కట్టడం వంటిది. వేసవిలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి మొదలవుతుంది. ఎలియట్స్ బీచిలో మన చెంపకు చల్లగా తగిలే ఆ గాలే మైకు పొర మీద ఉరుము లాంటి బురబురగా మారుతుంది. పెట్టెలో ఉచితంగా వచ్చే నల్లని స్పాంజి టోపీ ఇంటి లోపల ఫ్యాను గాలికి, నోటి నుంచి వచ్చే ఊపిరికి సరిపోతుంది, అంతకు మించి పనికిరాదు. బయటికి కావలసింది పొడవైన దట్టమైన బొచ్చు కవచం. దాని పని మైకు చుట్టూ గాలి కదలని ఒక పొరను నిలబెట్టడం. మైకుకూ బొచ్చుకూ మధ్య ఎంత ఖాళీ ఉంటే అంత బాగా పనిచేస్తుంది. ఖర్చు పెట్టలేనివారు బొమ్మల కోసం అమ్మే బొచ్చుగుడ్డ కొని, వంటింటి తీగ జల్లెడలు రెండు ఎదురెదురుగా బిగించి దాని మీద కప్పుకోవచ్చు. గుడ్డ వెనుక వైపు నోటితో ఊదినప్పుడు గాలి సులభంగా పోతే అది పనికివస్తుంది, పోకపోతే పై స్థాయి ధ్వనులను మింగేస్తుంది. మంద్ర ధ్వనులను కోసేసే లో కట్ బటను నొక్కితే గాలి చప్పుడు పోతుందని అనుకోవడం పొరపాటు. మిగిలిన కొద్దిపాటి బరువును అది తగ్గిస్తుంది, అంతే.

గాలి కంటే మోసకరమైనది తేమ. కండెన్సర్ మైకులోని పొరకూ పలకకూ మధ్య విద్యుత్తు నిలిచి ఉంటుంది. ఉక్కలో తేమ చేరితే అది జారిపోతూ చిటపటమని శబ్దం చేస్తుంది, వేరుశనక్కాయలు వేయించినట్టు. సెన్‌హైజర్ ఎంకేహెచ్ మైకులు హెచ్చు ఫ్రీక్వెన్సీ మీద పనిచేసే వేరే పద్ధతిలో ఉండడం వల్ల ఈ చిటపటకు చాలావరకు లొంగవు. వానాకాలపు అడవులలో వృత్తిగా పనిచేసేవారు అంత ధర పెట్టి వాటినే కొనడానికి కారణం ఇదే. మిగతావారు పాటించవలసింది ఒక అలవాటు. ఏసీ గదిలోంచో ఏసీ కారులోంచో తీసిన చల్లని మైకును వెంటనే బయటి ఉక్కలో పెడితే, ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబు మీద చెమట పట్టినట్టు దాని మీద నీరు పడుతుంది. సంచి మూసే ఉంచి, ఒక ఇరవై నిమిషాలు బయటి వేడికి అలవాటు పడనిచ్చి అప్పుడు తీయాలి. ఇంట్లో దాచేటప్పుడు గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, పొట్లాల రంగు మారగానే ఎండబెట్టి వాడండి. బీచి నుంచి వచ్చిన రోజు పొడి గుడ్డతో రికార్డర్‌ను, ఎక్స్‌ఎల్‌ఆర్ పిన్నులను తుడవడం మరచిపోతే ఉప్పు వాటిని మెల్లమెల్లగా తినేస్తుంది.

ప్రత్యేకమైన పనులకు

ఒకే పిట్ట కూతను దూరం నుంచి పట్టాలంటే శబ్దాన్ని మైకు దగ్గరకు పోగుచేసే పెరాబోలిక్ పళ్లెం ఉపయోగపడుతుంది, కానీ అన్ని పిట్టలకూ కాదు. పళ్లెం వ్యాసం కంటే తరంగదైర్ఘ్యం పెద్దదైతే అది పట్టలేదు. 60 సెంటీమీటర్ల పళ్లేనికి ఆ హద్దు సుమారు 570 హెర్ట్జ్. అందుకే గోరువంక, కోయిల కూతలకు అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, జెముడుకాకి బొంగురు కూతకు మాత్రం పెద్దగా సాయపడదు. పిట్ట పాటను ముందుగా రికార్డు చేసిన సందర్భంగా చెప్పేది 1889లో జర్మనీలో చిన్నపిల్లవాడైన లుడ్విగ్ కోఖ్ మైనపు సిలిండర్ మీద పట్టిన శామా పిట్ట పాటను. అది మన దేశపు పిట్టే, కాకపోతే అతని ముందు పంజరంలో ఉంది కనుక పళ్లెం అవసరం పడలేదు. పిట్టను దగ్గరకు రప్పించడానికి దాని కూతనే ఫోనులో పెట్టి వినిపించేవారిని చూస్తుంటాను. గుడ్లు పొదిగే కాలంలో అది వాటిని హింసించడమే, దయచేసి చేయకండి.

ఇళ్ల చూరుల్లో తిరిగే చిన్న గబ్బిలాల కూత మన చెవికి అందదు. 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే శబ్దాన్ని సెకనుకు 96 వేల సార్లు కొలుస్తూ, రికార్డు చేసినా అందులో సగం, 48 కిలోహెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులే వస్తాయి. వాటి కోసం, అలాగే ఒకే చోట వారాల తరబడి వదిలేయడం కోసం, 384 కిలోహెర్ట్జ్ వరకు వేగంతో కొలిచి, 192 కిలోహెర్ట్జ్ వరకు ధ్వనులను పట్టే ఆడియోమాత్ అనే చిన్న పరికరం ఉంది. మూడు ఏఏ సెల్లులతో, ముందుగా చెప్పిన వేళల్లో తనంతట తాను లేచి రికార్డు చేసుకుని మళ్లీ నిద్రపోతుంది. వినడానికి ఆనందంగా ఉండే రికార్డింగు దానినుంచి ఆశించకండి, ఏ వేళ ఏది కూసిందో లెక్క తేల్చడానికి అది సాటిలేనిది. గబ్బిలాల పని లేనివారికి 48 కిలోహెర్ట్జ్ చాలు. ఆ స్థాయిలో 32 బిట్ ఫ్లోట్ స్టీరియో గంటకు సుమారు 1.4 జీబీ పడుతుంది, 32 జీబీ కార్డులో ఇరవై గంటల పైనే వస్తుంది.

కొనేటప్పుడు

రిచీ స్ట్రీట్‌లో సెల్లులు, తీగలు, అడాప్టర్లు, కార్డులు మంచి ధరకు దొరుకుతాయి, కానీ కార్డు విషయంలో చవకకు ఆశపడకండి. ఒకసారి ఒక దుకాణంలో తక్కువకు వస్తోందని కొన్న కార్డు మీద 64 అని రాసి ఉన్నా, లోపల పట్టింది అందులో చిన్న వంతే. మిగతాది రాసినట్టే చూపించి ఖాళీగా వదిలేసింది. పులికాట్ ఒడ్డున రాజహంసల గుంపు మధ్య గడిపిన ఉదయమంతా అలా పోయింది. కొత్త కార్డును ఇంట్లో ఒకసారి నిండా నింపి, తిరిగి విని, అప్పుడే సంచిలో పెట్టుకోండి.

మిత్రుల దగ్గర రికార్డర్ ఉంటే కొనేముందు అడిగి తీసుకుని ఒక పరీక్ష చేయండి. రాత్రి ఫ్యాను, ఫ్రిజ్ రెండూ ఆపి, గోడ గడియారానికి మూడు మీటర్ల దూరంలో పెట్టి ఒక నిమిషం రికార్డు చేసి, చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లలో వినండి. టిక్కు టిక్కు స్పష్టంగా వినిపించి వెనుక రొద మిమ్మల్ని బాధించకపోతే ఆ రికార్డర్ మీ ఇంటి పాటలకు సరిపోతుంది. ఆ హెడ్‌ఫోన్ల ఖర్చును కూడా మొదటి జాబితాలోనే వేసుకోవాలి. రికార్డు చేస్తున్నప్పుడు వాటిలో వినకపోతే, తీగ వదులైన సంగతి ఇంటికి వచ్చాకే తెలుస్తుంది.

పరిమితమైన డబ్బుతో ఈ నెలలోనే మొదలుపెట్టేవారు ఇంటి పాటలకైతే హెచ్1ఎసెన్షియల్, తోటలకూ వానకైతే డీఆర్-05ఎక్స్ తీసుకుని, దేనికైనా వెంటనే బొచ్చు కవచం కొనండి. ఆరు నెలలు ఆగగలిగినవారు ఎఫ్3, ఈఎమ్272 జత, రెండు బొచ్చు కవచాలు, ఒక పవర్ బ్యాంకు కొనండి. నేను ఇప్పుడు వాడుతున్నది ఇదే.

ఈ జతతో నేను మొదట రికార్డు చేసింది మా మేనత్త పాటనే. మే నెల, మధ్యాహ్నం. ఫ్యాను ఆపుతానంటే, "ఒరే, ఈ ఉక్కలో ఫ్యాను ఆపితే నాకు పాట రాదురా, ఆయాసం వస్తుంది" అంది. పక్క గదిలో ఫ్యాను తిప్పి, తలుపు ఓరగా తెరిచి, మైకులకు బొచ్చు కవచాలు వేసి, ఆమె మోకాలికి మూరెడు దూరంలో మడిచిన దుప్పటి మీద పెట్టాను. మొదట తేదీ, చోటు, ఆమె పేరు పలికి, పాట అయిపోయాక గది నిశ్శబ్దం కోసం ఎప్పుడూ చేసేటట్టే ఒక నిమిషం రికార్డర్ ఆపకుండా ఉంచాను. ఆ నిమిషంలో ఆమె, పాట తనకు నేర్పిన నాయనమ్మ నెల్లూరు నుంచి పెళ్లయి ఈ ఊరు వచ్చిన రోజున రైల్లో అదే పాట పాడుకుంటూ వచ్చిందట అని, నన్ను చూడకుండా, గోడ వైపు తిరిగి చెప్పింది. అది కూడా ఆ ఫైలులో ఉంది.